మచ్చలేని వంకాయలు

దొరువులపాళెంలో సమాధానం పేరెత్తితే ఎవరికైనా ముందు గుర్తొచ్చేవి అతని వంకాయలు, ఆ వెంటనే అతని గొప్పలు. రెండూ ఊరంతటికీ పంచినా మిగిలేటన్ని ఉండేవి. వంకాయలైతే వారానికి రెండు కోతలే కోసేవాడు. గొప్పలకు మాత్రం ఆదివారం కూడా సెలవు లేదు.

ఆ ఊరు ముత్తుకూరు దాటి కృష్ణపట్నం పోయే బండిబాటకు పక్కగా ఉంటుంది. యాభై గడప, అందరూ క్రైస్తవులే. కోతల కాలంలో పై ఊళ్ళ రైతుల మొలగొలుకుల వరి చేలకు కూలికి పోతారు, మిగిలిన రోజుల్లో ఇంటి వెనక ఇసుకలో కూరగాయలు పండిస్తారు. ఇసుకలో ఏం పండుతుందని కొత్తగా వచ్చినవాళ్ళు నవ్వుతారు. వాళ్ళకు దొరువు సంగతి తెలియదు. ఆ ఇసుకలో మనిషి లోతు గుంట తవ్వితే చాలు, సముద్రం అంత దగ్గర్లో ఉన్నా తియ్యటి నీళ్ళు ఊరతాయి. ఆ గుంటనే దొరువు అంటారు. భుజాన కావడి వేసుకొని, రెండు కుండలతో దొరువులోకి దిగి, రెండూ ఒక్కసారే ముంచుకొని, పైకొచ్చి, నడుస్తూనే వాటిని వంచి మొక్కల మొదట్లో పోయాలి. చీకటితో మొదలుపెడితే పొద్దు బారెడెక్కేదాకా అదే పని. సమాధానం పిక్కలు చూస్తే అతను ఎన్నిసార్లు దిగి ఎక్కాడో ఎవరూ అడగక్కరలేదు.

కానీ సమాధానం తనను తాను తోటమనిషి అనుకునేవాడు కాదు. తను మలేరియా మనిషి. 1958లో మలేరియా డిపార్టుమెంటువాళ్ళు ఊరూరా మందు కొట్టడానికి కుర్రకారును తీసుకున్నప్పుడు అతనికి ఇరవై ఆరేళ్ళు. ఖాకీ నిక్కరు ఇచ్చారు, టోపీ ఇచ్చారు, చేతికి పంపు ఇచ్చారు. డి.డి.టి. పొడిని బక్కెట్టులో కలిపి, గోడలకూ చూరులకూ కొట్టి, పోయేముందు తలుపు పక్కన గోడ మీద ఆనాటి తేదీ రాయాలి. సమాధానం బడిలో నేర్చుకున్నది తక్కువే గానీ ఆ అంకెలు మాత్రం ముత్యాల్లా రాసేవాడు. ఏ ఇంటి గోడ చూసినా తన చేతిరాతే కనిపిస్తుంటే, ఈ చుట్టుపక్కల ఊళ్ళన్నీ తనవేనన్నట్టు నడిచేవాడు.

చలిజ్వరాలు తగ్గిన మాట నిజం. ఆ పుణ్యంలో తన వాటా తనకు ఉందని సమాధానం అనుకుంటే తప్పులేదు. తప్పు ఎక్కడ వచ్చిందంటే, మందు మీద ఈగ వాలనిచ్చేవాడు కాదు. ఆడవాళ్ళు ఊరగాయ జాడీలు బయటకు మోసుకుపోతుంటే నవ్వేవాడు. ఈ మందు దోమను చంపుతుంది గానీ మనిషిని ఏమీ చెయ్యదని, తను ఈ చేత్తో మందు కలిపి ఈ చేత్తోనే సద్దన్నం తింటున్నానని, తనకేమైనా అయిందా అని రెండు చేతులూ చాపి చూపించేవాడు. ఎస్తేరమ్మ అనే ముసలామె ఇంట్లో మందు కొట్టిన రెండో రోజు ఆమె పెంచుకునే పిల్లి చనిపోయింది. ఆమె ఏడుస్తూ వస్తే, పిల్లికి వయసైపోయిందని తేల్చేశాడు. ఆ పిల్లికి అప్పటికి రెండేళ్ళు.

అతని భార్య ఏసుమణి ఇందుకు పూర్తిగా వేరు. మాట తక్కువ, చెయ్యి చురుకు. అతను పంపు పట్టుకొని ఊళ్ళు తిరుగుతున్న నాలుగేళ్ళూ తోటను నిలబెట్టింది ఆమే. అన్నిటికంటే ఆమెకు పేరు తెచ్చింది నాలుక. ఊళ్ళో పెళ్ళైనా, సంఘం విందైనా గుండిగల దగ్గర ఉప్పు చూసేది ఏసుమణే. పులుసు తెర్లడం మొదలుపెట్టగానే గరిటెతో గుండిగ అంచు మీద టంగుటంగుమని మూడుసార్లు కొట్టేది. అంటే ఇక ఎవరూ ఏదీ వెయ్యకూడదని. ఆ తరువాత ఒక చుక్క అరచేతిలో వేసుకొని నాలుకకు తాకించి చెప్పేది. ఆమె సరే అన్నాక పాస్టరుగారు కూడా మారుమాట్లాడేవారు కాదు. పెళ్ళయి ఎనిమిదేళ్ళయినా ఆ మూడు దెబ్బలు వినిపిస్తే సమాధానానికి లోపల ఎక్కడో గర్వంగా ఉండేది. పైకి చెప్పేవాడు కాదు. అతను చెప్పుకోని గొప్ప అదొక్కటే.

మలేరియా పని ముగిసి ఖాకీ నిక్కరు చిరిగిపోయాక, సమాధానం కావడి ఎత్తుకున్నాడు. ఊరికే తోటపని చేస్తే అతను సమాధానం ఎందుకవుతాడు? చూపు కోత పండుగ మీద పెట్టాడు. ఏటా ఫిబ్రవరిలో ఆ సంఘంవాళ్ళు కోత పండుగ చేస్తారు. ఎవరు పండించిన దాంట్లోంచి వాళ్ళు తొలి కోత తెచ్చి గుళ్ళో పెడతారు. వాటిలో ఏ ఒక్క మచ్చా లేనిదాన్ని పెద్దలు ఎంచి ముందు బల్ల మీద, శిలువ పక్కన పెడతారు. దేవుడికి ఇచ్చేది నిర్దోషంగా ఉండాలని గ్రంథంలో ఉంది. అది గొర్రెపిల్లల గురించి చెప్పిన మాట. దొరువులపాళెంలో గొర్రెలు లేవు కాబట్టి వాళ్ళు దాన్ని కూరగాయలకు వర్తింపజేసుకున్నారు. ఆ తరువాత వాటన్నిటినీ వండి, ఆరాధన అయ్యాక ఊరంతా వరసగా కూర్చొని తింటారు. దానికి ప్రేమవిందు అని పేరు.

ఆ బల్ల మీదికి వరసగా రెండేళ్ళు సమాధానం వంకాయల గంపే ఎక్కింది. అంతకుముందు తిమోతి గుమ్మడికాయ ఎక్కేది. తిమోతి ఆ గుడికి తలుపు దగ్గర నిలబడే పెద్ద. రెండేళ్ళుగా సమాధానాన్ని చూసినప్పుడల్లా అతని ముఖం గుమ్మడికాయంత అయ్యేది. మూడో ఏడు కూడా గెలిస్తే తన పేరు ఊళ్ళో రాతి మీద రాసినట్టేనని సమాధానం అనుకున్నాడు.

ఆ మూడో ఏడు, అంటే 1964లో, పురుగు పడింది. మొవ్వులు వాలిపోయాయి, కాయలకు బొక్కలు పడ్డాయి. సమితి ఆఫీసు నుంచి గ్రామసేవక్ హజరత్తయ్య సైకిలు మీద వచ్చాడు. సన్నగా, నెమ్మదిగా మాట్లాడే మనిషి. పురుగు లేత మొవ్వుల్లో ఉండగానే అణచాలని, తను తెచ్చిన ఎండ్రిన్ అనే మందును నీళ్ళలో కలిపి జనవరి మొదట్లో తనే దగ్గరుండి కొట్టించాడు. కొట్టించే ముందు మూతికి గుడ్డ కట్టుకోమన్నాడు. సమాధానం నవ్వి, తను మలేరియా మనిషినని చెప్పాడు. హజరత్తయ్య నవ్వలేదు. ఏసుమణిని కూడా పిలిచి ఇద్దరి ముందూ చెప్పాడు. ఇది గోడకు కొట్టే పొడిలాంటిది కాదని, కొన్నేళ్ళ కిందట కేరళలో ఓడలో వేరే పురుగుమందేదో కారి తిండి బస్తాలకు అంటుకుంటే ఆ పిండి తిన్న వందమంది దాకా చనిపోయారని, పేపర్లో వచ్చిందని చెప్పాడు.

"మందు కొట్టినాక పదైదు రోజులు కాయ కొయ్యబాకండి. మీరు తినబాకండి, అమ్మబాకండి. మాట గుర్తుంటుందా సమాధానం అన్నా?"

గుర్తుంటుందని సమాధానం అన్నాడు. సీసా అడుగున మిగిలిన కాస్త మందును, మళ్ళీ అవసరం పడితే చూసుకుంటానని బతిమాలి ఉంచుకున్నాడు. దాని మీద పుర్రెబొమ్మ ఉంది. చూరులో చెక్కి, రోజూ ఒకసారి తలెత్తి చూసుకునేవాడు.

మందు బాగా పనిచేసింది. చెట్లు తేరుకున్నాయి, కాయ పట్టింది. పండుగ ఇంకా వారం ఉందనగా కాయలు ఒక్కొక్కటీ నూనె రాసినట్టు మెరుస్తున్నాయి. తిమోతి రెండుసార్లు ఏదో పనున్నట్టు కంచె పక్కగా నడిచి, చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. అంతకంటే మెప్పు ఏముంటుంది?

పండుగ ఆదివారం. శుక్రవారం సాయంత్రం ఏసుమణి దొరువు దగ్గర ఉండగా సమాధానం కాయలు తిప్పి చూసుకుంటున్నాడు. ఒక కాయ తొడిమ కింద సన్నటి బొక్క కనిపించింది. పక్క చెట్టులో ఇంకొకటి. ఆకుల మీద కూడా పురుగులు పాకుతున్నాయి. రెండు రాత్రుల్లో ఇవి మొత్తం తోటను తినేస్తాయని, ఆదివారం బల్ల మీదికి గుమ్మడికాయ ఎక్కుతుందని, తిమోతి తలుపు దగ్గర నిలబడి నవ్వుతాడని అంతా కళ్ళకు కట్టింది. పదిహేను రోజుల మాట గుర్తు రాక కాదు. గుర్తొచ్చింది. కానీ మలేరియా రోజుల్లో పొద్దున మందు కొట్టిన ఇంట్లో సాయంత్రానికి పొయ్యి వెలిగించేవాళ్ళు కదా, ఏమైంది? ఈ సమితివాళ్ళకు భయం ఎక్కువ. ఇలా తనకు తానే చెప్పుకొని, చూరులో సీసా తీసి, ఉన్నదంతా కలిపి, చీకటి పడకముందే కొట్టేశాడు.

శనివారం మధ్యాహ్నం ఇద్దరూ కాయలు కోశారు. ఏసుమణి ఒక కాయ ముక్కు దగ్గర పెట్టుకొని ఆగింది. కిరసనాయిలు వాసనలాంటిది ఏదో వస్తోందని, మళ్ళీ మందు కొట్టావా అని అడిగింది.

"లేదు," అన్నాడు సమాధానం. అక్కడితో ఆపితే సరిపోయేది. అది తన ఒంటి వాసనని, మలేరియా డిపార్టుమెంటులో నాలుగేళ్ళు చేసినవాడి ఒంట్లోంచి మందు వాసన ఎక్కడికి పోతుందని కూడా చెప్పాడు. ఏసుమణి అతని ముఖంలోకి ఒక క్షణం చూసి, నమ్మి, కాయను గంపలో వేసింది. ఎనిమిదేళ్ళలో అతను ఆమెతో గొప్పలు వంద చెప్పి ఉంటాడు గానీ అబద్ధం చెప్పడం అదే మొదలు. అందుకే ఆమె నమ్మింది.

ఆ సాయంత్రం వాళ్ళ కోళ్ళు మూడు వంకాయ పాదుల్లో కాళ్ళు కొట్టుకొని, మెడలు వాల్చి చచ్చిపోయాయి. కొక్కెర తెగులని సమాధానం తేల్చాడు. ఏసుమణి కళ్ళు తుడుచుకొని వాటిని పాతిపెట్టించింది. అతనికి కూడా బాధగానే ఉంది. అంతకుమించి ఆలోచన పోలేదు, పోనివ్వలేదు.

ఆదివారం గుడి నిండిపోయింది. తాటాకు కప్పు, ఇసుక నేల, ఒకవైపు మగవాళ్ళు, ఒకవైపు ఆడవాళ్ళు. పాస్టరు ఆనందబాబుగారు, పెద్దలు గంపలన్నీ చూసి, సమాధానం వంకాయల దగ్గర ఆగారు. ఒక్క మచ్చ లేదు. ఆనందబాబుగారు ఒక కాయను ఎత్తి అందరికీ చూపించి, మన హృదయాలు కూడా ఇలా ఉండాలని అన్నారు. సమాధానం తల వంచుకొని వినయంగా ఉన్నట్టు కూర్చున్నాడు. ప్రార్థన అయ్యాక వంటవాళ్ళు వచ్చి గంపలన్నీ గుడి వెనక పందిట్లోకి మోసుకుపోయారు. అక్కడ ఏసుమణి గుండిగలు ఎక్కించి ఎదురుచూస్తోంది.

ఇక సాక్ష్యాల వేళ. ఆ ఏడాది దేవుడు తనకు చేసిన మేలు గురించి ఎవరైనా లేచి చెప్పవచ్చు. మొదటి సాక్ష్యం ఎప్పుడూ ఎస్తేరమ్మదే. ఆమె చెప్పేది ఒక ఏడాది మేలు కాదు, పుట్టినప్పటినుంచీ మొత్తం. పాస్టరుగారు నాలుగుసార్లు దగ్గినా ఆమె ఆగదని తెలిసి, పిల్లలు ఇసుకలో గీతలు గీసుకుంటూ కూర్చుంటారు. ఆమె భర్త పోవడం అయింది, తుఫాను అయింది, కలరా అయింది, చివరకు పిల్లి దగ్గరికి వచ్చింది.

పాపం, ఏమీ ఎరగని పిల్లి అని ఆమె చెబుతోంది. మందు కొట్టినాక గోడల మీదినుంచి బల్లులు రాలిపడినాయని, అది వాటిని తిన్నదని, మర్నాటికి కాళ్ళు కొట్టుకొని, మెడ వాల్చి పోయిందని.

ఏటా వినే మాటే. సమాధానం ఏటా నవ్వుకునే మాటే. ఈసారి నవ్వు రాలేదు. కాళ్ళు కొట్టుకొని, మెడ వాల్చి. నిన్న సాయంత్రం పాదుల్లో అచ్చం అలాగే. కోళ్ళు రాలిన పురుగుల్ని తిన్నాయి. పురుగులు వంకాయల్ని తిన్నాయి. ఆ వంకాయలు ఇప్పుడు గుండిగలో ఉన్నాయి.

లేచి బయటకు పోవాలనుకున్నాడు. ఎవరికీ చెప్పకుండా వెళ్ళి, కాలు జారినట్టు చేసి గుండిగను తోసేస్తే చాలు, వంకాయలూ పోతాయి, పరువూ దక్కుతుంది. నిజానికి ఆ క్షణంలో కూడా అతని బుర్ర అలాగే పనిచేసింది. తలుపు దాకా పోయాడు. తిమోతి చెయ్యి అడ్డం పెట్టి, ఎక్కడికి, తరువాత సాక్ష్యం నీదే కదా, బల్లెక్కినోడివి అని గుసగుసగా అన్నాడు. వెనక నుంచి చింతపండు పులుసు వాసన కమ్మగా లోపలికి వచ్చింది. ఎస్తేరమ్మ ఇంకా పిల్లి గుణగణాలు చెబుతూనే ఉంది.

అప్పుడు వినిపించింది. గుండిగ అంచు మీద గరిటె. టంగ్.

ఆ మూడు దెబ్బల తరువాత ఏం జరుగుతుందో ఊళ్ళో అందరికంటే అతనికే బాగా తెలుసు. పరువు, బల్ల, గుమ్మడికాయ అన్నీ ఒక్కసారి తల్లోంచి కొట్టుకుపోయాయి. ఏసుమణి అరచెయ్యి ఒక్కటే మిగిలింది. తిమోతి చెయ్యి విదిలించుకొని, గుడి చుట్టూ పోవడానికి కూడా వ్యవధి లేదని వెనక్కు తిరిగి, ఆడవాళ్ళు కూర్చున్న వైపు నుంచే అడ్డంగా పరుగెత్తాడు. ఆ గుళ్ళో ఏ మగవాడూ ఆ పని చేయలేదు. ఎవరి చెయ్యి తొక్కాడో, ఎవరి పైట మీద కాలు వేశాడో తెలియదు. రెండో దెబ్బ, మూడో దెబ్బ. పక్కతలుపులోంచి పందిట్లోకి దూకి గొంతు చించుకొని అరిచాడు.

"మే ఏసుమణీ, ఉప్పు చూడబాక!"

ఆమె అరచెయ్యి అప్పటికే నోటి దగ్గరికి వచ్చింది. అతను ఆ చేతిని పట్టి కిందికి లాగాడు. పులుసు చుక్క ఇసుకలో పడింది. లోపలున్నవాళ్ళంతా ఒకరినొకరు తోసుకుంటూ బయటకు వచ్చి చుట్టూ నిలబడ్డారు.

"శుక్రవారం మందు కొట్టినాను," అన్నాడు సమాధానం. "నువ్వు అడిగితే లేదని చెప్పినాను. కోళ్ళు తెగులుతో పోలేదు. నేనే చంపినాను."

పొయ్యిలో పుల్లలు చిటపటమంటున్నాయి. ఏసుమణి అతన్ని చూసింది. తిట్టి ఉంటే అతనికి తేలికగా ఉండేది. ఆమె గరిటె కింద పెట్టి, కుండలో నీళ్ళు ముంచుకొని, చెయ్యి కడుక్కుంది. మళ్ళీ కడుక్కుంది. మూడోసారి కూడా కడుక్కుంది. అది చూసి సమాధానానికి ఏడుపొచ్చింది. అందరి ముందూ ఏడ్చాడు.

జనంలోంచి ఎస్తేరమ్మ కర్ర ఊతంగా ముందుకొచ్చింది. తన సాక్ష్యం మధ్యలో ఆగిపోయినందుకు తిట్టడానికి వస్తోందని అందరూ అనుకున్నారు.

"అబ్బయా, మరి నా పిల్లి సంగతేంది?"

"అది కూడా నేనేలే అవ్వా. వయసై పోలేదు."

"ఆరేండ్లయిందిరా ఆ మాట కోసరం," అంది ఎస్తేరమ్మ. కొంగుతో కళ్ళు ఒత్తుకొని, అతని తల మీద చెయ్యి పెట్టింది. ఎక్కడో ఒకరు నవ్వారు. ఆ నవ్వు మిగిలినవాళ్ళకూ అంటుకొని, ఏడుస్తున్న సమాధానం కూడా నవ్వక తప్పలేదు. ఏసుమణి మాత్రం నవ్వలేదు.

పండుగకు పిలిస్తే అప్పుడే సైకిలు దిగిన హజరత్తయ్య సంగతంతా విని తెల్లబోయాడు. ఒక్కరు కూడా తినలేదని రెండుసార్లు అడిగి తెలుసుకున్నాక, ఆ పులుసును, మిగిలిన వంకాయల్ని దొరువులకు దూరంగా, దిబ్బ అవతల లోతుగా పాతిపెట్టించాడు. గుండిగను బూడిదతో, సబ్బుతో రెండు మూడుసార్లు తోమించాడు. ఆ సీసాను తనే సంచిలో వేసుకున్నాడు. ఆ రోజు ప్రేమవిందులో అన్నం, మజ్జిగ, ఊరగాయ, తిమోతి గుమ్మడికాయ కూర. తిమోతి తనే గరిటె పట్టుకొని వడ్డించాడు. సమాధానం ఆకులో రెండు గరిటెలు ఎక్కువ వేసి, తిను, నా దాంట్లో ఏమీ లేదులే అన్నాడు. సమాధానం ఆ మాట మింగి, కూర కూడా మింగాడు. కూర బాగుందని చెప్పడానికి అతనికి చాలా కష్టమైంది గానీ చెప్పాడు.

మూడు రోజులు ఏసుమణి అతనితో మాట్లాడలేదు. నాలుగో రోజు అన్నం వడ్డిస్తూ నోరు విప్పింది. మందు కొట్టినందుకు కాదని చెప్పింది. "నువ్వు లేదన్నావు చూడు, అందుకు. నీ మాట నమ్మి నేను ఊరికంతా పెట్టబోయినాను." అంతే అంది. సమాధానం జీవితంలో గొప్పలు చెప్పకుండా గడిచిన నెల ఏదైనా ఉంటే అది ఆ నెలే.

తరువాత అతను ఒక పని చేశాడు. తాటి మొద్దును చీల్చి పలక చేసి, తోట దడికి కట్టి, సున్నంతో పెద్ద అంకెలు వేశాడు. చెట్లకు ఏ మందు కొట్టినా ఆ తేదీ దాని మీద రాయాలి. మలేరియా గోడల మీద రాసినట్టే, అదే ముత్యాల్లాంటి అంకెల్లో. కాయ కోసే రోజుకు ఆ తేదీ పదిహేను రోజులు దాటకపోతే ఎవరు వచ్చినా గంప బయటకు రాదు. మొదట్లో ఊళ్ళోవాళ్ళు దాన్ని చూసి ఏడిపించారు. సమాధానం, ఇవాళ వంకాయ తేదీ ఏంది, దేవుడొచ్చేది ఎప్పుడో కూడా రాయరాదా అని. ఆ తరువాత ముత్తుకూరు నుంచి వచ్చే ఆడవాళ్ళు పలక చూడందే కాయ ముట్టడం మానేశారు. రెండేళ్ళు తిరిగేసరికి తిమోతి దడి మీద కూడా ఒక పలక వేలాడింది. అంకెలు వంకరగా ఉన్నాయని సమాధానం ఒకరోజు వెళ్ళి దిద్ది వచ్చాడు. గొప్పలు మళ్ళీ మొదలయ్యాయని ఊరు సంతోషించింది.

కానీ దానికంటే ముందు మరుసటి ఏటి కోత పండుగ వచ్చింది. ఆ ఏడు సమాధానం మందు జోలికే పోలేదు. రోజూ పొద్దునే వాలిన మొవ్వులు తుంచి, బొక్క పడిన కాయలు ఏరి కాల్చేసేవాడు. అయినా గంపలో పెట్టిన కాయల్లో కొన్నిటికి మచ్చలు, ఒకటి రెండింటికి బొక్కలు. ఈ గంపను గుళ్ళోకి ఎలా తీసుకుపోయేదని అతను ఇంట్లోనే కూర్చున్నాడు. ఏసుమణి మాట్లాడకుండా గంపను నెత్తిన పెట్టుకొని గుళ్ళోకి వెళ్ళి, అన్నిటితో పాటు పెట్టేసింది. వెనకే అతను కూడా వెళ్ళి, ఆఖరి వరసలో గోడకు ఆనుకొని కూర్చున్నాడు. బల్ల మీదికి తిమోతి గుమ్మడికాయే ఎక్కింది. సమాధానానికి కాస్త మండింది. మండలేదంటే అబద్ధం అవుతుంది.

వంట పందిట్లోకి గంపలు పోయాయి. ఎస్తేరమ్మ సాక్ష్యం మొదలైంది, నడిచింది, తిరిగి పిల్లి దగ్గరికి వచ్చింది. అంతలో గుండిగ అంచు మీద గరిటె మూడుసార్లు మోగింది. జనమంతా ఒక్కసారి మెడలు తిప్పి సమాధానం వైపు చూశారు. కొందరు నవ్వారు. అతను తల దించుకున్నాడు. నాలుగో దెబ్బ వినిపించింది. అంతవరకూ ఎప్పుడూ నాలుగోది లేదు. పక్కతలుపులో ఏసుమణి నిలబడి ఉంది.

"ఏమయ్యా, ఇట్లా రా. ఉప్పు నువ్వు చూడు."

ఎస్తేరమ్మ కూడా మాట ఆపింది. సమాధానం లేచి, ఈసారి మగవాళ్ళ వైపు నుంచే, నెమ్మదిగా నడిచి పందిట్లోకి వెళ్ళాడు. ఆమె గరిటెతో వంకాయ పులుసు చుక్క అతని అరచేతిలో వేసింది. వేడిగా ఉంది. అతను నాలుకకు తాకించుకొని, మింగాడు. ఉప్పు ఇంకొంచెం పడాలని చెప్పాడు.

ఏసుమణి చిటికెడు ఉప్పు వేసి కలిపింది. తరువాత అదే గరిటెతో ఒక చుక్క తన అరచేతిలో వేసుకొని నోట్లో పెట్టుకుంది.